కుసుమల పాలు

నిన్న మా మనవరాలు చిలుకకు పెట్టేందుకని ఓ గింజల పొట్లం తెచ్చింది. తెల్లగ, నున్నగ ఉన్నయి. చూస్తే కుసుమలు! మన ఈడోళ్లకు యాదికున్నయా?

పోలీసు యాక్షన్‌కు ముందు రజాకార్ల భయంతోని ఊర్ల పొంటి జనం మెదక్‌కు ఉరికొస్తుండ్రి. ఎల్దుర్తి నుంచి మా మేనత్త మూడేండ్ల కొడుకును ఎత్తుకొని మా ఇంటికొచ్చింది. పిలగాడు బెదిరిపోయి మాట్లాడుతలేడు. అంబలి పోస్తే ఉమ్మేస్తుండు. పాలు పోద్దామంటే మా బర్రె ఒట్టిపోయింది, బజార్ల దుకాణాలన్ని బందు.

మా నాయినమ్మ అటుక మీది కుండలన్ని దించి వెతికింది. ఓ గురిగిల కుసుమలు దొరికినయి. నూనె పట్టిద్దామని పెట్టి ఎప్పుడో మర్సిపోయినవి.

"గిండ్ల పాలుంటయి," అన్నది.

"గింజలల్ల పాలెట్లుంటయే?" అని నేను పక్కనే కూసున్న.

"మా అమ్మ తీస్తుంటే చూసిన గని నేనెన్నడు తియ్యలే బిడ్డా. చూద్దాం ఆగు."

నానబెట్టి, రోట్ల రుబ్బి, పాత ధోతి గుడ్డల ఏసి పిండింది. నిజంగనే తెల్లటి పాలు కారినయి! నేను వేలు ముంచి నాకిన. జర వగరున్నయి. అండ్ల జొన్నరవ్వ, బెల్లం ఏసి ఉడికిస్తే ఇల్లంత కమ్మటి వాసన.

పిలగాడు మొదలు మూతి తిప్పుకున్నడు. తర్వాత ఓ చెంచెడు మింగిండు. ఆఖరికి గిన్నె నాకి, "ఇంకింత" అన్నడు. వచ్చినప్పటిసంది గదే వాని మొదటి మాట.

గప్పటిదాంక కంట్ల నీళ్లు పెట్టని మా మేనత్త, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది.