మెహరున్నీసా చేసిన ఫిరంగులు

ముదిగుబ్బలో కదిరి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో లేత్ మిషను మీద ఇనుము, ఇత్తడి కోసే మనిషి పేరు మెహరున్నీసా. వయసు నలభై ఆరు. బోరు మోటార్ల కడ్డీలు అరిగిపోతే సరిచేస్తుంది, శనక్కాయల మిషన్లకు బుష్షులు చేస్తుంది. లోపల ఆడమనిషి ఉందని చూసి, కడ్డీ చంకలో పెట్టుకుని గడప దగ్గరే నిలబడి ఆలోచించే రైతులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను ఆమె రమ్మని పిలవదు. మనసు కుదిరితే వస్తారు, లేకపోతే ధర్మవరం పోతారు. బస్సు చార్జీ వాళ్ళదే.

ఆ షెడ్డుకు ఆనుకునే మా ఇల్లు. ఇరవై ఏళ్ళుగా ఆ మిషను మోత వింటూనే అన్నం తింటున్నాను. కాబట్టి ఆమె సంగతి రాయడానికి నాకంటే హక్కున్నవాళ్ళు లేరు. నేను చదివింది మూడో తరగతే, కానీ ఆ మూడూ సరిగ్గా చదివాను.

మొదట ఆ మిషను నడిపింది ఆమె భర్త బాబ్జాన్. అతనికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పటి నుంచి అతను స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఈమె చేసేది. అట్లా ఆరేళ్ళు. అతను పోయిన రెండేళ్ళకు అతని తమ్ముడు రహంతుల్లా దిగాడు. అతనికి కదిరిలో సొంత వర్క్‌షాపు ఉంది. మిషను తమ తండ్రి కొన్నది కాబట్టి తనకు చెందాలన్నాడు.

పంచాయితీ మా వాకిట్లోనే జరిగింది. పెద్దమనిషిగా ఇంజన్ల మెకానిక్కు తిప్పయ్య కూర్చున్నాడు.

"మా అన్న చెప్తాంటే చేసినాది గానీ తిప్పన్నా, ఒంటిగా ఏం చేస్తాది? మిషను తుప్పు పడతాది" అన్నాడు రహంతుల్లా.

"మీ అన్న పోయి రెండేండ్లాయ. ఇన్ని దినాలు కడ్డీలు దయ్యాలు కోసినాయా?" అని అడిగాను నేను.

"నువ్వుండు హనుమక్కా" అని తిప్పయ్య చెయ్యెత్తాడు. చివరికి తేల్చింది ఇది: ఎప్పుడూ చేయని పెద్ద పని ఒకటి మెహరున్నీసా మొదటి నుంచి చివరి దాకా తానే చేయాలి. మిషను దగ్గర ఎవరూ ఏమీ చెప్పకూడదని రహంతుల్లా కలిపాడు. పని ఇచ్చినవాడు వచ్చి, పది మందిలో బాగుందని ఒప్పుకుని తీసుకుపోవాలి. అట్లయితే మిషను ఆమెది. లేదంటే పీర్ల పండగ మరుసటి రోజు సాయంత్రం మిషను కదిరికి పోతుంది.

మెహరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సరే అంది. ఆ సరేలో బలం ఎంత ఉందో నాకు తెలియలేదు.

పని పుట్టపర్తి నుంచి వచ్చింది. అక్కడ శశికుమార్ అని ఒకాయన అద్దె ఇంట్లో ఉంటాడు. ముప్పై ఏళ్ళు ఓడల్లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పాతకాలపు యుద్ధనౌకను, తెరచాపలది, మంచమంత పొడవున కొయ్యతో చేస్తున్నాడు. దానికి ఇరవై ఎనిమిది ఫిరంగులు కావాలి. ఒక్కో ఫిరంగి నా చిటికెన వేలంత. ఆయన ఇంటి మోటారు కడ్డీని ఒకసారి ఈమె బాగు చేసింది, ఆ నునుపు చూసి కాగితాల మీద బొమ్మలు గీసుకుని వచ్చాడు.

"సముద్రం ఎప్పుడన్నా చూసినావామ్మా?" అని అడిగాడు.

"లేదు సార్. చిత్రావతిలో నీళ్ళు చూసినా, రెండు సార్లు" అంది మెహరున్నీసా.

ఆయన నవ్వి, కాగితాలు ఇచ్చి పోయాడు.

గొట్టాలు ఇత్తడివి. కడ్డీని మిషనుకు బిగించి, వెనక లావుగా, ముందుకు పోయేకొద్దీ సన్నగా, మూతి దగ్గర మళ్ళీ కాస్త ఉబ్బుగా కోయాలి. మధ్యలో కంకణాల్లాగా మూడు గీతలు. మొదటి నాలుగూ నాలుగు రకాలు వచ్చాయి. అప్పుడామె రేకు ముక్క ఒకటి తీసుకుని, ఫిరంగి పక్క వంపు ఎట్లుంటుందో ఆకురాయితో అట్లా అరగదీసి, ప్రతి గొట్టానికీ ఆ రేకు ఆనించి చూసుకుంటూ కోసింది. సందులో వెలుతురు కనిపిస్తే ఇంకా కోయాలి. పదిహేను రోజుల్లో ఇరవై ఎనిమిదీ ఒక తల్లి పిల్లల్లాగా వచ్చాయి.

రంగు దగ్గర ఏడిపించింది. అంగడిలో తెచ్చిన నల్ల పెయింటు కుంచెతో పూస్తే నూనె రాసిన బర్రె కొమ్ములా మెరిసింది. పైగా అది ఆషాఢం గాలి. ఆరేలోపల దుమ్మంతా దాని మీదే వాలింది.

"పకోడీలకు పిండి అద్దినట్లు చేసినావేమే" అన్నాను.

"నువ్వు మాట్లాడబాక పెద్దమ్మా, నాకు ఏడుపొస్తాండాది" అని అన్నీ కిరసనాయిల్లో కడిగేసింది.

రెండోసారి పెయింటును బాగా పలచన చేసి, అందులో దీపం మసి కలిపి, పలుచగా మూడు సార్లు పూసింది. ఒక్కొక్కటీ తీగకు వేలాడదీసి, పెళ్ళిళ్ళకు బాడుగకిచ్చే పెద్ద బిర్యానీ డేక్సాలో పెట్టి మూత మూసింది. గాలీ లేదు, దుమ్మూ లేదు. మెరుపు చచ్చి, అచ్చం పోత ఇనుములా కనిపించాయి. ఫిరంగుల కింది కొయ్య బండ్లకు ఎర్ర రంగు కావాలంటే, దానికీ మెరుపు చావాలని గోడకు పూసే జాజు, అదే ఎర్రమట్టి, కలిపింది. అది కూడా ఎవరూ చెప్పలేదు.

ఇక చక్రాలు. ప్రతి ఫిరంగీ నాలుగు చక్రాల కొయ్యబండి మీద కూర్చుంటుంది. బొమ్మలో ముందు చక్రాలు రెండూ పెద్దవి, వెనకవి చిన్నవి. మెహరున్నీసా ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మా నాయన ఎద్దులబండ్ల చక్రాలు చేసినవాడు, చక్రాల సంగతి నన్ను కాక ఎవరిని అడుగుతుంది?

"బొమ్మ గీసినోడు తాగి గీసినాడే. ఎగుడు దిగుడు చక్రాలేసి మా నాయన బండి పంపింటే, ఊర్లో తన్ని పంపింటారు. కదిరి తేరుకు చూడు, నాలుగూ సమానం ఉంటాయా లేదా?"

"నాకూ అట్లే అనిపిస్తాంది. సారుకు ఫోన్ చేసి అడుగుదామా?"

"అడిగితే తెలీదనుకుంటాడు. సమానంగా చెయ్యి, చూసి సంతోషపడతాడు."

ఆమె నూటపన్నెండు చక్రాలు, ఒక్కొక్కటీ చొక్కా గుండీ అంత, సమానంగా చేసింది. టేకు కొయ్య మొత్తం అయిపోయింది.

పీర్ల పండగ అయింది. మరుసటి రోజు మధ్యాహ్నమే రహంతుల్లా చిన్న లారీతో వచ్చాడు. తిప్పయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శశికుమార్ కారు దిగి, ఫిరంగులు నిలబెట్టే ఓడ పైతట్టు, డెక్కు అంటారే, దాని ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫిరంగులు వరుసగా చూసి, ఒకటి వేళ్ళతో ఎత్తి, "అబ్బా" అన్నాడు. నేను రహంతుల్లా మొహం చూశాను.

తర్వాత ఆయన ఆ ఫిరంగిని ఓడ ముక్క మీద, మూతి బయటికి ఉండేట్టు పెట్టాడు. మూతి కిందికి వంగింది. నీళ్ళు తాగబోయే ఎద్దు మాదిరి.

"చక్రాలు సమానంగా చేసినారా? ఇట్ల కాల్చితే గుండు మన ఓడ పక్కనే నీళ్ళలో పడతాదమ్మా" అన్నాడు.



ఓడ పైతట్టు చదునుగా ఉండదట. మధ్య ఎత్తు, రెండు పక్కలా వాలు. అలలు మీద పడితే నీళ్ళు నిలవకుండా పోవాలి కదా అన్నాడు. ఆ వాలులో ముందు చక్రాలు దిగువకు ఉంటాయి కాబట్టి అవే పెద్దవిగా ఉండాలి.

"మట్టి మిద్దెకు వాటం పెట్టినట్ల" అంది మెహరున్నీసా మెల్లగా.

"అదే."

వాన ముఖం చూసి ఎన్నేళ్ళయినా మా మిద్దెలకు నీళ్ళు జారే వాటం పెట్టకుండా ఎవరూ కట్టరు. నడిసముద్రంలో కూడా అదే అవసరమని నాకు తట్టలేదు.

"అయిపోయ గదా తిప్పన్నా" అన్నాడు రహంతుల్లా. "పని ఇచ్చినోడే తప్పంటాండాడు. మిషను ఎక్కిస్తాం."

"తప్పు నాది" అన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదు, అందుకే కాస్త గట్టిగా వచ్చింది. "ఆ చక్రాలు సమానం చెయ్యమన్నది నేను."

"నువ్వు ఊరుకో పెద్దమ్మా" అంది మెహరున్నీసా. "బొమ్మ నా చేతిలో ఉండె. చేసింది నా చెయ్యి." తర్వాత శశికుమార్ వైపు తిరిగింది. "ముందువి పెద్దవి చేసేకి కొయ్య లేదు సార్. వెనకవి తగ్గిస్తే?"

ఆయన స్కేలు పెట్టి కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. "ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గిస్తే సరిపోతాది. కానీ యాభై ఆరు చక్రాలమ్మా. ఎప్పటికి?"

"సాయంత్రం దాకా టైముందా అన్నా మనకు?" అని ఆమె తిప్పయ్యను అడిగింది.

"ఉండాది" అన్నాడు తిప్పయ్య.

చక్రాలకు జిగురు పెట్టలేదు, మేకుతోనే నిలిచాయి. వెనక చక్రాలన్నీ ఊడదీసి, సన్నని ఉక్కు కడ్డీకి జపమాలలా గుచ్చింది. చివర నట్టు బిగించి, మిషనుకు ఎక్కించింది. ఒక్కొక్కటీ కాదు, యాభై ఆరూ ఒకేసారి కోయాలని. కోసే బిట్టు ఒక్క చోట పట్టుకుంటే అన్నీ పొట్టు అయిపోతాయి. మళ్ళీ చేయడానికి కొయ్య లేదు.

మిషను తిరిగింది. ఆమె మిషను చేతిచక్రం పిడిని వెంట్రుకంత వెంట్రుకంత తిప్పుతోంది. రహంతుల్లా మొదట లారీ దగ్గర నిలబడ్డాడు, తర్వాత గడప దగ్గరికి, తర్వాత ఆమె పక్కకే వచ్చాడు. అతనూ ఆ పని చేసేవాడే కదా, కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

"స్పీడు పెంచు వదినా, లేకుంటే కొయ్య చీలుతాది" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎవురూ చెప్పకూడదన్నావు గదా రహంతుల్లా. అట్ల పోయి నిలబడు" అంది, తల ఎత్తకుండా.

తిప్పయ్య నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె స్పీడు పెంచలేదు. కొయ్య చీలలేదు. పొడి సన్నగా, సజ్జపిండిలా రాలింది.

చక్రాల అంచులకు మళ్ళీ రంగు వేసి డేక్సాలో ఆరబెట్టింది. అప్పటికి నాలుగు గంటలు. శశికుమార్ ఒక బండికి చక్రాలు తగిలించి, ఓడ ముక్క మీద పెట్టాడు. మూతి చదునుగా, ఎదురుగా చూసింది. ఇంకోటి పెట్టాడు. అట్లా ఆరు పెట్టాక ఆపాడు.

"బాగుందా సార్? పది మందిలో చెప్పాల" అన్నాడు తిప్పయ్య.

"బాగుంది అంటే చాలదు. చక్రాలు మొదటే సరిగ్గా చేసింటే నేను ఇంకా తొందరగా ఇంటికి పోయింటా. కానీ ఇంత పని నాకు ఎవురూ చేసియ్యలేదు. ఇరవై ఎనిమిదీ తీసుకుపోతా."

తిప్పయ్య రహంతుల్లా వైపు చూశాడు. అతను ఒక ఫిరంగిని అరచేతిలో పెట్టుకుని, రేకు సందులోంచి వచ్చే ఎండకు పట్టి, గొట్టం మీది మూడు గీతలనూ వేలి గోటితో తడిమాడు. చాలాసేపు. తర్వాత దాన్ని మిగతావాటి పక్కన వరుస తప్పకుండా పెట్టాడు.

"టీ పెడతా, తాగిపో" అంది మెహరున్నీసా.

అతను నిలబడే తాగాడు. బయట లారీ డ్రైవరు హారన్ కొట్టి, "అన్నా, ఏం ఎక్కియ్యల్ల?" అని అరిచాడు.

"ఏం లేదప్పా. వస్తాండా, బండి తిప్పు" అన్నాడు రహంతుల్లా.