నాకు తెల్లగా, అందరికీ నీలంగా

శ్రీముఖలింగం దగ్గరి పల్లె నుంచి పెళ్ళికూతురి తల్లి నేను చేసిచ్చిన ఆల్బమ్ చంకలో పెట్టుకుని వస్తుంటే, ఇంకో కాపీ కావాలేమో అనుకున్నాను. శ్రీకాకుళంలో నేను ఫోటో స్టూడియో పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఇచ్చిన ఆల్బమ్ వెనక్కి తెచ్చినవాళ్ళు అంతవరకూ లేరు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, వధూవరులు మధుపర్కాలతో కూర్చున్న పేజీ తీసింది.

"ఏటి బాబూ ఇది? మా పిల్ల మధుపర్కాలకి నీలిమందు ఎక్కువైపోనాదేటి?"

వంగి చూశాను. తెల్లచీర, ఎర్రంచు. నాకు ఏ తప్పూ కనిపించలేదు.

"తెల్లగానే ఉంది కదమ్మా."

"తెలుపేటి? ఆ సున్నం గోడకి ఆనించి సూడు. మొకాలైతే సలికి బిగిసిపోయినట్టున్నాయి. పెళ్ళి వైశాకంలో సేసినాం బాబూ!"

గోడకి ఆనించి చూశాను. ఫోటో తెల్లగానే ఉంది, గోడే కాస్త పసుపుగా ఉంది. సున్నం వేయించి చాలా రోజులైంది, మాసిందనుకున్నాను. ఆమెకి కోపం లేదు. "మళ్ళీ సేసియ్యి బాబూ, ఇది అత్తోరింటికి పంపలేను" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

లోపల్నుంచి మా ఆవిణ్ణి పిలిచి పేజీ చూపించాను. "నీలంగానే ఉన్నాది. మీకు కనపడట్లేదేటి?" అంది. పక్క దుకాణం టైలర్‌ని పిలిచాను. రోజంతా రంగుదారాలతో పనిచేసే మనిషి. అతనూ నీలమే అన్నాడు. కంప్యూటర్‌లో అదే ఫోటో తెరిచి చూపిస్తే, అక్కడ ఇంకా నీలంగా ఉందన్నారు ఇద్దరూ. నాకు మాత్రం తెర మీద చీర ఉతికి ఆరేసినంత తెల్లగా ఉంది. ముగ్గురం ఒకే తెర ముందు నిలబడి, వాళ్ళొక చీర, నేనొక చీర చూస్తున్నాం.

మా ఆల్బమ్‌లు ప్రింటు చేసే ల్యాబ్ విజయనగరంలో ఉంది. ల్యాబ్ నడిపే అతనికి నలభై ఏళ్ళుంటాయి. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను మావా అంటాడు. ఫోన్ చేసి గట్టిగా అడిగాను. "నువ్వు పంపిన ఫైలు ఎలగున్నాదో అలగే వచ్చినాది మావా. నీ మానిటరు రంగులు తప్పు సూపిస్తందేమో. నాను వచ్చి సూస్తాను" అన్నాడు.

ఆదివారం పొద్దున్న రైల్లో వచ్చాడు. సంచిలోంచి మౌస్ అంత పరికరం తీశాడు. మానిటర్‌ని అరగంట వెలిగించి ఉంచి, కిటికీ తెర దించి, ఆ పరికరాన్ని స్క్రీన్ మధ్యలో వేలాడదీశాడు. దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, రకరకాల బూడిద రంగులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపోయాయి.

"దీనికి మన ఇష్టాయిష్టాలు తెలీవు మావా. ఏ రంగు ఎంత వస్తందో కొలిచేస్తాది, అంతే" అన్నాడు. కొలత పూర్తయ్యాక నా వైపు తిరిగాడు. "నీలం ఇంత పెంచీసినావేటి?"

పెంచింది నేనే. తెలుపు మాసినట్టు అనిపించినప్పుడల్లా తెరలోనూ, ఫోటోల్లోనూ కాస్త కాస్త జరుపుతూ వచ్చాను. అదీ ఒక్కరోజులో కాదు, కొన్నేళ్ళుగా.

అతను సరిచేసి లేచేసరికి తెర మీద పసుపునీళ్ళు చల్లినట్టు ఉంది. "ఇదేటిరా, పాడుచేశావు!" అన్నాను. "ఇదే సరైన తెలుపు. రెండ్రోజులాగు, కళ్ళు అలవాటు పడతాయి" అని నవ్వి వెళ్ళిపోయాడు.

వారం ఆగాను. అలవాటు కాలేదు. పెళ్ళి ఫోటోలు మళ్ళీ తెరిస్తే మధుపర్కాలు గంజిలో ముంచినట్టున్నాయి. పని ఆపుకోలేక ఒక్కో ఫోటోలో నీలం కొద్దిగా పెంచి, నమూనాకి నాలుగు పేజీలు పంపించాను. మర్నాడే ఫోన్ వచ్చింది.

"ఏటి సేసినావు మావా? మళ్ళీ నీలంగానే వచ్చినాయి."

"మెషిన్ పెట్టి సరిచేసింది నువ్వే కదా!"

"మెషిన్ తెరని సూసినాది మావా. ఫోటోని సూసింది నువ్వు. ఓపాలి కళ్ళు సూపించుకోరాదేటి?"

ఫోన్ పెట్టేశాను. కళ్ళతో బతికినవాణ్ణి పట్టుకుని ఆ మాటా! రెండు రోజులు అతని ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు మా ఆవిడే ఆటో పిలిచి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. "ఎన్నో ఏళ్ళుగా మెల్లగా ముదిరాయి, అందుకే మీకు తెలియలేదు. పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టే లెక్క" అంది డాక్టరమ్మ. ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పినప్పుడు మొదట కనిపించింది డాక్టరమ్మ కోటు. అంత తెలుపు ఉంటుందని మర్చిపోయాను. ఎడమకన్నుతో చూస్తే అదే కోటు పాత పేపరు రంగులో ఉంది. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి అక్కడే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. బయటికొచ్చాక మా ఆవిడతో, "ఆకుపచ్చ చీర కట్టుకొచ్చావనుకున్నానే" అన్నాను.

"ఇది నీలం. కొన్నప్పుడూ నీలమే" అంది.

కన్ను తేరుకున్నాక ఎడమకన్నుకి చేతిరుమాలు అడ్డం కట్టి, సరిచేసిన తెర మీద ఆల్బమ్ మొత్తం మొదట్నుంచి చేశాను. అయినా నమ్మకం లేదు. రుమాలు తీస్తే తెలుపు ఒకటి, కడితే ఇంకొకటి. విజయనగరం వెళ్ళి ప్రతి పేజీ ల్యాబ్ అతనికి చూపించాకే ఒప్పుకున్నాను.

ఆల్బమ్ నేనే బస్సులో పట్టుకెళ్ళాను. పెళ్ళికూతురి తల్లి పెట్టెలోంచి మధుపర్కం చీర తీసుకొచ్చి, వాకిట్లో ఎండలో ఫోటో పక్కన పరిచింది. "ఇదిగో, ఇప్పుడు మా పిల్లలాగున్నాది" అంది. నేను ఎడమకన్ను మూసుకుని తలూపాను.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మనసులో ఒకటే గుబులు. ఈ కళ్ళతో ఎన్ని పెళ్ళి ఆల్బమ్‌లు చేసి ఇచ్చాను? కొత్తవలసలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్ళి, మేనకోడలి పెళ్ళి ఆల్బమ్ తీయమన్నాను. ఐదేళ్ళ కిందట నేను చేసిందే. ఎడమకన్ను మూసి చూస్తే పేజీ తర్వాత పేజీ నీలం. తలంబ్రాల పసుపు కూడా నీలం కలిసి పాలిపోయింది.

"ఇంత ఘోరంగా ఉంటే ఎందుకు చెప్పలేదక్కా?"

"ఏటి సెప్తాంరా? నువ్వు ఫోటోగ్రాఫరువి. అదేదో కొత్త పేషను అనుకున్నాం. సూసినోళ్ళందరూ బాగున్నాదన్నారు కూడా."

"ఇటివ్వు, మళ్ళీ చేసి తెస్తాను."

అక్క ఆల్బమ్ మూసి ఒళ్ళోకి లాక్కుంది. "ఒద్దురా. ఇన్నేళ్ళూ ఇదే సూసినాం. ఆ పెళ్ళి తలచుకుంటే నాకు ఈ రంగులే గుర్తొస్తాయి. ఇప్పుడు నువ్వు మార్చీసి తెస్తే అది ఎవరి పెళ్ళనుకోవాల?"

ఆ పెళ్ళిలో నేనూ ఉన్నాను, కెమెరా పట్టుకుని దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ రోజు ఆ తలంబ్రాల పసుపు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.