రాహుకాలంలో కెమెరా బేరం: జగ్గయ్యపేట నుంచి నందిగామకు

మా మనవరాలు హారిక చేతికి కెమెరా రాకముందే వత్సవాయిలో ఒక ఓణీల ఫంక్షనుకు ఫోటోలు తీస్తానని అడ్వాన్సు పుచ్చుకుంది. ఫంక్షను గురువారం. బుధవారం పొద్దుటి దాకా దాని దగ్గరున్నది ఫోను మాత్రమే. పైగా పిల్లకు మనుషుల దగ్గరికి వెళ్ళాలంటే బిడియం. మొన్న ఒక పెళ్ళిలో ఫోనుతో సరదాకి దూరాన నిలబడి తీస్తే, పెళ్ళికొడుకుకన్నా షామియానా గుంజ బాగా వచ్చింది. అందుకని దూరం నుంచే మొహాన్ని దగ్గరికి లాగే పెద్ద జూమ్ లెన్సు కావాలని పట్టుబట్టింది. నందిగామలో రవి అనే పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు తన పాత కెమెరా, జూమ్ లెన్సు కలిపి ఇరవై అయిదు వేలకు ఇస్తానన్నాడు. మా దగ్గరున్నదీ అంతే. మొదటి పనే చెడితే రెండో పనికి ఎవరూ పిలవరని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

పదకొండుకు జగ్గయ్యపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. కండక్టరు కార్డునూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇది మీరేనా అండీ?" అన్నాడు.

"నేనే. తీసినవాడికి నామీద కోపం."

హారిక నవ్వలేదు. చిల్లకల్లు దాటుతుండగా రవి ఫోను చేశాడు. మైలవరం నుంచి ఇంకొకాయన బైకు మీద బయలుదేరాడట, ఎవరు ముందొస్తే వాళ్ళకే ఇస్తాడట. అక్కణ్ణుంచి బస్సు ఆగిన ప్రతి స్టాపులోనూ హారిక లేచి నిలబడింది. నందిగామలో దిగేసరికి పన్నెండు. ఆటోకు నలభై రూపాయలు.

"తొందరేంటి మామ్మగారూ, ఇంత ఎండలో?" అన్నాడు డ్రైవరు.

"కెమెరా పారిపోతోంది. పోనీ."

రవి ఇల్లు చేరేసరికి మైలవరం ఆయన ఇంకా రాలేదు. హారిక డబ్బు తీస్తుండగా వంటింట్లోంచి రవి వాళ్ళమ్మ వచ్చింది.

"ఒరేయ్, రాహుకాలం. మనకి అన్నం పెట్టిన వస్తువు. ఒకటిన్నర దాకా గడప దాటదు."

"ఈలోపు ఆయన వచ్చేస్తే అండీ?" హారిక డబ్బు చేత్తో పట్టుకునే అడిగింది.

"రానీ. ఆయనకీ ఒకటిన్నరే."

నేను ముప్ఫై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. నోటి దాకా వచ్చిన మాటను ఆవిడ ఇచ్చిన మజ్జిగతో మింగేశాను.

చేసేదేమీ లేక లెన్సు చేతిలోకి తీసుకున్నాను. నిరుడు శుక్లం తీసే ముందు డాక్టరు నా కంట్లోకి లైటు వేసి చూశాడు. అదే వైద్యం దీనికీ చేద్దామని వెనకనుంచి ఫోను టార్చి వేసి, ముందునుంచి చూశాను. గాజు లోపల సాలీడు అల్లినట్టు తెల్లటి పోగులు.

"ఇదేమిటి నాయనా?"

"దుమ్మండీ. తుడిస్తే పోద్ది."

"తుడువు."

రెండు వైపులా తుడిచాడు. పోగులు కదల్లేదు.

"ఫంగస్ అమ్మమ్మా," అంది హారిక. "వెలుతురుకి ఎదురుగా తీస్తే మొహాలన్నీ మసకేసిపోతాయి."

అప్పుడే వాకిట్లో బైకు ఆగింది. రవి ధైర్యం తెచ్చుకున్నాడు. "మీరొద్దంటే ఆయన పట్టుకుపోతాడండీ."

బల్ల మీద డబ్బాలో చిన్న లెన్సొకటి ఉంది. ఫిఫ్టీ ఎమ్మెమ్ అట, టార్చి వేసి చూస్తే అద్దం నీళ్ళలా తేటగా ఉంది. "అది జూమ్ అవదండీ, మనమే నడవాలి. నేను వాడనే లేదు. కెమెరాతో కలిపి ఇరవై రెండు," అన్నాడు రవి.

"దీంతో మొహం తీయాలంటే దగ్గరికెళ్ళి నిలబడాలి అమ్మమ్మా."

"నిలబడు. కరుస్తారా?"

ఒకటిన్నర కావస్తోంది. మైలవరం ఆయన చెప్పులు విప్పుతున్నాడు. హారిక చిన్న లెన్సు తగిలించి, ఆ ఇంట్లో అందరికన్నా భయపెట్టే మనిషి ముందుకు వెళ్ళి నిలబడింది.

"అమ్మా, ఒక్క ఫోటో అండీ."

"నాదెందుకే, ఈ మసి చీరతో!" అంటూనే ఆవిడ కొంగు సర్దుకుంది. క్లిక్‌మంది. తెరమీద ఆవిడ కళ్ళ చుట్టూ ముడతలూ, ఆపుకోలేకపోయిన నవ్వూ.

"ఇదే తీసుకుంటా," అంది హారిక.

వస్తూ వస్తూ మైలవరం ఆయనకు టార్చి సంగతి చెప్పాను. అప్పటి రవి మొహమూ ఫోటో తీయదగ్గదే.

మర్నాడు వత్సవాయిలో, "ఈ ఫోటోల పిల్ల అడ్డం తప్పుకోదేంటమ్మా!" అని పేరంటాళ్ళు విసుక్కున్నారు. వెనక కుర్చీలో కూర్చుని ఆ తిట్టు వింటుంటే నాకు కడుపు నిండింది. డబ్బుంటే ఆ జూమ్ కొత్తదే కొనేవాళ్ళం, పిల్ల మళ్ళీ గుంజ వెనకే ఉండేది. రాహుకాలం మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ ఆ గంటన్నర లేకపోతే పోగుల లెన్సు సంచిలో వేసుకుని సంబరంగా బస్సెక్కేవాళ్ళం. పాత లెన్సు కొనబోయేవారు వెనకనుంచి టార్చి వేసి లోపల చూడకుండా డబ్బు తీయకండి. అమ్మేవాడు తొందరపెడితే, వాళ్ళమ్మ ఇంట్లో ఉందేమో కనుక్కోండి.