లైనక్స్‌కి కుదిరే ఫోను డబ్బా

మావయ్య పోయాడని అరసవల్లి నుంచి అత్త ఫోను చేసేసరికి నేను నెల్లిమర్ల బడిలో పాఠం చెబుతున్నాను. గుండెపోటు. ముందు వారం ఇద్దరం ఎండలో కొట్లంట తిరిగిన అలుపే నాకింకా తీరలేదు.

చుట్టుపక్కల ఎవరికి రక్తం కావలసినా మావయ్య ఇంటి ల్యాండ్‌లైనుకే చేసేవారు. నా కాన్పులో నేను బతికి బయటపడ్డది కూడా ఆ ఫోను వల్లే. దాతలని ఒక్కొక్కరినీ పిలిచి బతిమాలడం ఆయన ఒక్కడి పని. ఓపిక తగ్గాక, ఫోను రాగానే దాతలందరికీ కంప్యూటరే ఫోన్లు చేసేలా చెయ్యాలనుకున్నాడు. ఉన్నదేమో పాత లాప్‌టాప్, దాని మీద ఉచితంగా దొరికే లైనక్స్ సాఫ్ట్‌వేర్ తప్ప మరొకటి నడవదు. ఫోను తీగని కంప్యూటరుకి కలిపే చిన్న డబ్బా కావాలి, అది లైనక్స్‌తో పనిచెయ్యాలి. మా తిప్పలన్నీ దాని కోసమే.

విజయనగరంలో మేము ఎక్కని కొట్టు లేదు. "అన్నిట్లోనూ పనిచేస్తాది సార్" అనేవాడు కొట్టువాడు. "నువ్వు కాదు బాబూ, అది సెప్పాల" అంటూ మావయ్య కౌంటరు మీదే లాప్‌టాప్ తెరిచి తగిలించి చూసేవాడు. నాకు తల తీసేసినట్టుండేది. ఇంటికొస్తే అత్త, "ఏటి, ఈ సంబంధమైనా కుదిరిందా?" అని నవ్వేది.

చివరికి ఒకటి కుదిరింది. ఆ సంబరంలో, ముందుజాగ్రత్తగా అలాంటిదే మరొకటి కొన్నాడు. పేరు అదే, అట్టపెట్టె అదే కదా అని ఆ ఒక్కసారీ తగిలించి చూడలేదు. పిడుగుకి మొదటిది కాలిపోయాక రెండోది పెడితే ఉలుకూ పలుకూ లేదు. కంపెనీవాళ్లు లోపలి చిప్పు మార్చేశారట. మళ్లీ కొట్లంట పడ్డాం. దొరకలేదు. బస్టాండు బల్ల మీద కూర్చుని, "అలిసిపోనానమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు, అదే ఆఖరు.

పెద్దకర్మ నాడు వెనక గదిలో కూర్చుని ఆ రెండో డబ్బాతో మళ్లీ కుస్తీ పట్టాను. పలకలేదు. విసుగొచ్చి తీసేసి, ఎప్పటిలా తీగని ఫోనుకే తగిలించాను. కాసేపటికి మోగింది. ఇంటినిండా చుట్టాలున్నారు, ఒక్కరూ కదల్లేదు.

అత్త లేచింది. ఇన్నేళ్లలో ఆ ఫోను ఆవిడ ఎత్తగా నేను చూడలేదు.

"ఆయన లేరమ్మా, పోనారు." అంది. అంతలోనే రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. "ఒలమ్మా, ఉండుండు, ఫోను పెట్టీకు. ఏ గ్రూపు కావాల, సెప్పు."