పాప బరువు

మా టీమ్ లీడ్ నెలకోసారి కొండాపూర్‌లోని మందుల షాపుకెళ్లి, ఇంట్లో ఫస్ట్ ఎయిడ్ డబ్బాకి కావలసినవి కొనేవారు. విడాకులయ్యాక కూతురు తల్లితో బాచుపల్లిలో ఉంటోంది. ఆదివారాలు తండ్రి దగ్గరికి పంపమని కోర్టు చెప్పినా, రెండేళ్లుగా ఆ పిల్ల రాలేదు. అయినా ఆయన గడువు తీరిన సిరప్ తీసేసి కొత్తది పెట్టేవారు. బొమ్మల బ్యాండేజీలు కూడా కొనేవారు.

"పాపొచ్చిన రోజు దేనికీ పరుగెత్తకూడదండి" అనేవారు నాతో.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. జ్వరం సిరప్ తీస్తూ షాపతను అడిగాడు.

"పాప ఎంత బరువుంటది సార్? బరువును బట్టి డోసు మారుతది."

ఆయన అరచేతిని నడుము దగ్గర పెట్టి ఎత్తు చూపబోయారు. ఆగి, కాస్త పైకి జరిపారు. మళ్లీ ఇంకాస్త పైకి.

"తెలీదు బాబూ" అన్నారు చివరికి.

చెయ్యి మాత్రం చాలాసేపు దించలేదు.