తిరుత్తణిలో హీటరెందుకు

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక ఫిబ్రవరి నెలలో, మా కంపెనీ నన్ను తిరువళ్ళూరు వర్క్‌షాపులో కార్ల ఏసీ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా వేసింది. ఇది ఎలాంటి హోదా అంటే, అందరికంటే పైన వర్క్స్ మేనేజరు, ఆయన కింద ఫ్లోర్ సూపర్‌వైజరు, ముందరి అద్దాల గదిలో టై కట్టుకుని కస్టమర్ తెలుగులోనో అరవంలోనో చెప్పినదాన్ని ఇంగ్లీషులో తప్పుగా రాసుకునే సర్వీస్ అడ్వైజరు, ఆ తర్వాత మేము. విభాగం అన్నాను కదా అని పెద్ద బలగాన్ని ఊహించుకోవద్దు. నేనూ, గ్యాస్ నింపే యంత్రమూ, అంతే. ఇద్దరిలో యంత్రానికి మాత్రం ఏడాదికోసారి సర్వీసు చేయించేవారు.

చిన్న కార్ల ఏసీ పనిలో నన్ను మించినవాడు గుమ్మిడిపూండి నుంచి తిరుత్తణి దాకా లేడు. మద్రాసు నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. సరే, వచ్చింది ఒక్కడు. వాడూ తిరుపతి పోతూ ఏసీ ఆగిపోతే మా బోర్డు చూసి దిగినవాడు. ఫ్యూజు పోయింది, మార్చాను.

పని తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. చిన్న కారులో చల్లగాలికీ వేడిగాలికీ ఫ్యాను ఒకటే, దారులు వేరు. చల్లటి దారిలో ఇంజన్ బెల్టుతో తిరిగే కంప్రెసరు గ్యాసును నొక్కి, బండి ముక్కు దగ్గరున్న కండెన్సరులోకి తోస్తుంది. అక్కడ వేడి వదిలించుకుని ద్రవమైన గ్యాసు ఒక సన్నటి వాల్వు దాటి, డాష్‌బోర్డు వెనకనున్న ఎవాపరేటరులో మళ్ళీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. వేడి దారిలో ఇంత విద్య లేదు. ఇంజన్‌ను చల్లబరుస్తూ తాను కాగిపోయిన కూలెంట్, అంటే మందు కలిపిన నీళ్ళు, రెండు రబ్బరు గొట్టాల్లో డాష్‌బోర్డు వెనక్కి వచ్చి, హీటర్ కోర్ అనే బుల్లి రేడియేటరులో ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోతుంది. నాబ్‌ను నీలం వైపు తిప్పితే గాలి ఒక దారి పడుతుంది, ఎరుపు వైపు తిప్పితే ఇంకో దారి. మా ప్రాంతంలో పదేళ్ళ బండిలో కూడా ఆ ఎరుపు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని తాకే దిక్కు లేదు.

ఈ హీటర్ కోర్ కారడం మొదలుపెడితే ఒక చిక్కుంది. అది మార్చాలంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. రెండు రోజుల పని. అందుకని మావాళ్ళందరూ ఒక చిట్కా చేసేవారు. ఇంజన్ వైపు నుంచి ఆ రెండు గొట్టాలనూ కోర్ నుంచి పీకేసి, మధ్యలో ఒక చిన్న పైపు ముక్క పెట్టి, రెండు క్లిప్పులు బిగించి, ఒకదానికొకటి కలిపేయడమే. దీన్నే బైపాస్ అంటారు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. హీటరు ఇక పనిచేయదు కదా అని కస్టమర్ అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక మాట తయారుగా ఉండేది: "తిరుత్తణిలో హీటరెందుకు?" వాళ్ళూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. శాస్త్రం అక్కడితో ముగిసేది.

మార్చిలో ధనలక్ష్మి తన బండి తెచ్చింది. తిరుత్తణికి అవతల కే.జీ.కండిగైలో మగ్గం నేసే ఇల్లు ఆమెది. భర్త మునస్వామికి రెండు కిడ్నీలూ పోయాయి. మంగళ, గురు, శనివారాలు తిరువళ్ళూరు ఆసుపత్రిలో డయాలిసిస్; పొద్దున తొమ్మిదికి యంత్రం మీద పెడితే ఒంటిగంటకు దించుతారు. ఆయన్ను బస్సులో తిప్పలేక, నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని పాత చిన్న కారు ఒకటి కొనుక్కుంది. ఆయనను ఆసుపత్రిలో దించాక దొరికే నాలుగు గంటల్లోనే బండి మా దగ్గరికి రావాలి, పోవాలి. ముందు సీటు కింద తివాచీ తడిసి, బండిలో తియ్యటి వాసన వస్తోందన్నది ఆమె ఫిర్యాదు. హీటర్ కోర్ కారుతోంది. నేను బైపాస్ చేశాను, నా మాట నేను చెప్పాను, ఆమె నవ్వింది. బైపాస్‌కు కంపెనీ ఒప్పుకోదు కాబట్టి జాబ్ కార్డులో "తివాచీ శుభ్రం చేయబడింది" అని రాశాను. అబద్ధం కాదు. శుభ్రం కూడా చేశాను.

మే నెల మొదట్లో ఆమె మళ్ళీ వచ్చింది.

"పొద్దున కండిగైలో ఎక్కేటప్పుడు బాగానే ఉంటాదన్నా. తిరువాలంగాడు మలుపు దాటినామంటే చల్లగాలి పోయి సుమ్మా ఉత్తగాలి వస్తాది. ఆయన తట్టుకోలేకుండా ఉండాడు."

నేను నా చాతుర్యం చూపించబోయి, ఏసీ లేకుంటే మన తాతలు బతకలేదా అన్నాను.

"మీ తాతకు డాక్టరు నీళ్ళు కొలిచి ఇచ్చినాడా అన్నా?"

అప్పుడు చెప్పింది. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు కాబట్టి మునస్వామికి రోజంతటికీ అర లీటరే అనుమతి. పూటకింత అని సీసా మీద పెన్నుతో గీతలు గీసి పెట్టుకున్నారు. ఎండలో గంటన్నర ఉడికితే ఆసుపత్రి చేరేలోపే సీసా ఖాళీ. ఆ తర్వాత దాహం ఆగక ఇంకా తాగితే కాళ్ళు వాచి, ఊపిరి అందదు. ఆమెకు ఏసీ అంటే ఆ సీసా.

నేను విభాగం మొత్తాన్ని రంగంలోకి దించాను. అంటే యంత్రాన్ని కూడా. నీలం, ఎరుపు గేజీలు తగిలించి రెండు వైపులా గ్యాసు ఒత్తిడి చూశాను, సరిగ్గా ఉంది. గాలి వచ్చే జాలీలో థర్మామీటరు గుచ్చాను, చల్లగా ఉంది. కార్డులో "లోపం కనబడలేదు" అని రాశాను. మా వృత్తిలో దీనికి అర్థం, లోపం కస్టమర్‌దని.

తర్వాతి వారం మళ్ళీ వచ్చింది. గ్యాసు తీసి, వాక్యూమ్ పెట్టి, తూకం ప్రకారం కొత్తగా నింపాను. కండెన్సరు రేకుల్లోని దుమ్ము కడిగాను. క్యాబిన్ ఫిల్టరు మార్చాను. మూడో వారం మళ్ళీ వచ్చింది. ఈసారి నాకు ఒక సిద్ధాంతం పుట్టింది. గ్యాసులో తేమ చేరి, వాల్వు సందులో మంచు కట్టి, దారి మూసుకుపోతోందని. ఇలా నిజంగానే జరుగుతుంది, పుస్తకాల్లో ఉంది. సూపర్‌వైజరుకు పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఆయన మెచ్చుకున్నాడు. ఆయనకూ అర్థం కాలేదు. తేమ పీల్చే డ్రయ్యరు మార్చి, ధనలక్ష్మికీ మంచు సంగతి వివరించి, ఇక ఊటీలా ఉంటుందని చెప్పి పంపాను.

గురువారం ఆమె ఫిర్యాదు చెప్పడానికి అద్దాల గది దాకా కూడా పోలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మీరు నీడలో ఆరిన బండిని చూస్తా ఉండారు గోవిందన్నా. నాది ఎండలో పరిగెత్తే బండి. అది చూడాలంటే శనివారం నాతో రాండి."

నేను తిరుత్తణి నుంచి రోజూ లోకల్ రైల్లో పనికి వచ్చేవాణ్ణి. శనివారం రైలు మానేసి మా ఊరి బైపాస్ రోడ్డు దగ్గర ఆమె బండి ఎక్కాను. చేతిలో థర్మామీటరు, ఒళ్ళో గేజీల పెట్టె, ముఖంలో ఆపరేషనుకు పోయే డాక్టరు గాంభీర్యం. మునస్వామి వెనక సీట్లో, సూదులు గుచ్చే ఎడమచేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. సన్నగా, బూడిదరంగు ముఖంతో ఉన్నా నోరు మాత్రం ఆరోగ్యంగా ఉంది. "ఏమన్నా, మంచు దొరికిందా?" అని పలకరించాడు.

తిరువాలంగాడు మలుపు దాటాక కంప్రెసరు ఆగిపోయింది. థర్మామీటరు పైకి పాకింది. నేను మంచు గురించి వివరిస్తూనే ఉన్నాను. ఇంకొంచెం ముందుకు పోయేసరికి రోడ్డు పని జరుగుతూ, లారీలన్నీ ఒకే వరుసలో నిలబడిపోయాయి. మా బండీ నిలబడింది. అప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది.

ఇలాంటి చిన్న కార్లలో ఇంజన్ వేడి చూపించే ముల్లు ఉండదు. చల్లగా ఉన్నంతసేపు నీలం దీపం, మరీ కాగితే ఎర్రదీపం. మధ్యలో ఏమవుతోందో తెలియదు. ఆ మధ్యలోనే మూడు వారాలుగా అసలు కథ నడుస్తోంది. ఇంజన్ హద్దు మీరి వేడెక్కబోతుంటే, దాని భారం తగ్గించడానికి బండిలోని కంప్యూటరు ముందుగా ఏసీ కంప్రెసరును ఆపేస్తుంది. భారం తగ్గి, ఎర్రదీపం దాకా పోకుండా బండి ఎలాగో ఆసుపత్రి చేరేది. మా షాపు నీడలో ఆరేసరికి మళ్ళీ అన్నీ మామూలే. ఏసీకి రోగమే లేదు. జ్వరం ఇంజన్‌ది. నేను ముక్కుకు మందేస్తున్నాను.

ఆ క్షణంలో నాకు సర్వమూ అర్థమైంది. లేదు, సగమే అర్థమైంది. ఆ సగంతోనే ఆజ్ఞలు మొదలుపెట్టాను. ఏసీ ఆపమన్నాను. అద్దాలు దించి, నాబ్ పూర్తిగా ఎరుపుకు తిప్పి, ఫ్యాను నాలుగు మీద పెట్టమన్నాను. ఇది మా వృత్తిలో మంచి ఉపాయం. హీటర్ కోర్ కూడా ఒక రేడియేటరే కదా. వేడిగాలి మన మొహాన కొడుతుంది గానీ, ఇంజన్ వేడి కొంత దిగి, బండిని ఓ పక్కకు చేర్చే వ్యవధి దొరుకుతుంది. ఇదంతా ధనలక్ష్మికి వివరించి, వేడి గాలి కోసం జాలీ ముందు అరచెయ్యి పెట్టాను.

బయటి గాలే వచ్చింది. ఇంకా బాగా తిప్పమన్నాను.

ధనలక్ష్మి నా వైపు తిరిగింది. "యాడ నుంచి వస్తాదన్నా? మీరే కదా ఆ గొట్టాలు పీకేసి ముడేసినారు, తిరుత్తణిలో హీటరెందుకని!"

వెనక మునస్వామి నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

ఇంజన్ ఆపించి, బండిని ఓరకు తోసి, బానెట్ ఎత్తాను. కూలెంట్ డబ్బా అడుగు దాకా ఎండిపోయింది. నేను బిగించిన క్లిప్పు చుట్టూ, ఉప్పు పేరినట్టు తెల్లటి పొక్కు. అక్కడినుంచి ఇన్నాళ్ళూ కూలెంట్ బొట్టుబొట్టుగా వేడి ఇంజన్ మీద పడి, నేల తాకకుండానే ఆవిరైపోయింది. కంపెనీ క్లిప్పులు నాసిరకం అని చాలా రోజులు చెప్పుకున్నాను. క్లిప్పు మంచిదే. సైజు పెద్దది. సరైన సైజు తీసుకోవాలంటే స్టోర్‌లో కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే బైపాస్ బయటపడుతుంది. అందుకని జేబులో ఉన్నదాన్నే బిగించాను.

ఇంజన్ కాగి ఉన్నప్పుడు రేడియేటరు మూత తీస్తే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. అరగంటకు పైగా ఆగాల్సిందే. బస్సు ఎక్కిద్దామంటే అదీ కిక్కిరిసి మా వెనకే నిలబడి ఉంది. మునస్వామి సీసాలో నీళ్ళు ఒక్కొక్క గీతే దిగిపోతున్నాయి. ఆఖరి గీత దగ్గర ఆగి, సీసాను నా వైపు చాపాడు.

"ఇది పోయన్నా. నాకెట్లాగూ తాగే యోగం లేదు, బండన్నా తాగనీ."

"నోరు మూసుకోని కూర్చో మామా," అని ఆయన్ను కసిరి, ధనలక్ష్మి దూరంగా ఉన్న చెరుకురసం బండి దగ్గరికి నడిచింది. రెండు క్యాన్ల నీళ్ళు మోసుకొచ్చింది. నేను సాయం వెళ్ళానని రాయాలని ఉంది. వెళ్ళలేదు. బానెట్ పట్టుకుని నిలబడ్డాను, అది తనంతట తానే కమ్మీ మీద నిలబడుతుందని తెలిసీ.

ఇంజన్ చల్లారాక ఆ నీళ్ళు పోసి ఆసుపత్రి చేరేసరికి గంట ఆలస్యమైంది. నర్సు కోప్పడలేదు. ఒంటిగంటకు అదే యంత్రం మీద ఇంకొకరికి వంతు ఉందని, మూడు గంటలే పెట్టగలమని చెప్పింది. నాలుగు గంటలు తీయాల్సిన నీళ్ళు మూడు గంటల్లో పూర్తిగా రావు. మిగిలినది మంగళవారం దాకా ఆయన ఒంట్లోనే ఉండాలి.

వర్క్‌షాపులో సూపర్‌వైజరు అంతా విని, లోపానికి కారణం దగ్గర "గొట్టం పాతబడింది" అని రాయమన్నాడు. నేను పెన్ను విసిరికొట్టాను అని మా ఇంట్లో చెప్పాను. నిజానికి రాశాను, మంచి దస్తూరితో. కార్డు ఇంగ్లీషులో ఉంది కాబట్టి సంతకానికి ముందు ఏం రాశారో చదివి చెప్పమంది ధనలక్ష్మి. నా క్లిప్పు సరిగ్గా లేక కూలెంట్ కారిందని చెప్పాను.

"అట్లే రాసుందా?"

"లేదు."

"అయితే అట్లే రాయండన్నా. రేపు ఇంకెవరో బానెట్ ఎత్తితే వాళ్ళకు తెలియాల కదా. మీ మాదిరి వాళ్ళూ మంచు వెతుక్కుంటా పోతే, మా మామ గతేంది?"

సూపర్‌వైజరు ముందే కొట్టేసి రాశాను. హీటర్ గొట్టాలు బైపాస్ చేయబడినవి, క్లిప్పు సైజు తప్పు, చేసింది ఫలానా అని. ఆదివారం డాష్‌బోర్డు ఊడదీసి, కొత్త కోర్ వేసి, సోమవారం సాయంత్రానికి బిగించాను. మంగళవారం ఆమె పిలవకపోయినా ఆ బండిలోనే కూర్చుని తిరువళ్ళూరు దాకా వెళ్ళాను. ఏసీ ఆగలేదు. సీసాలో మూడు గీతల నీళ్ళు మిగిలాయి. వారానికి మేనేజరు నుంచి మెమో వచ్చింది. సీనియర్ అన్న మాట తీసేస్తారనుకున్నాను గానీ, ఆ విభాగంలో జూనియర్ ఎవరూ లేకపోవడంతో ఎవరికంటే కింద పెట్టాలో వాళ్ళకు తోచలేదు.

నేను నేర్చుకున్నది ఇది. నడుస్తూ నడుస్తూ ఏసీ ఆగిపోతోందని ఎవరైనా చెబితే, గేజీలు తగిలించకముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి కూలెంట్ చూడాలి. లోపం కనబడలేదని రాసే ముందు, కస్టమర్ నడిపే రోడ్డు మీద, నడిపే వేళకు ఆ బండిలో కూర్చోవాలి. తాత్కాలికంగా చేసిన పని ఏదైనా అదే రోజు కార్డులో రాయాలి, ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోకపోయినా. ఇది తెలుసుకోవడానికి నాకు పట్టింది మూడు వారాలు. మునస్వామికి పట్టింది డయాలిసిస్‌లో ఒక గంట.