మస్తానన్న పంపకం

కొత్త డ్రైవు కవరు చింపగానే వచ్చే ప్లాస్టిక్ వాసన నాకు ఇప్పటికీ చావు కబురులా తగులుతుంది. చిలమత్తూరు దగ్గరున్న మా డేటా సెంటరులో ఆ కవరు చింపామంటే పాతది ఒకటి పోయినట్టే. సమాచారం దాచే ఈ ఫ్లాష్ డ్రైవులు చదివితే పెద్దగా అరగవు, రాస్తేనే అరుగుతాయి. నేను పెద్దగా రాసిందీ లేదు, చదివిందీ అంతంతమాత్రమే, అయినా అరిగిపోయాను.

చేరిన కొత్తలో నేనొక ఘనకార్యం చేశాను. రాత పనులన్నీ డ్రైవులన్నింటికీ సమానంగా పంచి, ధర్మరాజులా మురిసిపోయాను. మా స్టోరేజీ విభాగం పెద్ద మస్తానన్న తెర చూసి తల పట్టుకున్నాడు. ఆయనది ముదిగుబ్బ.

"ఏమప్పా, అన్నీ ఒగే దినం సచ్చేట్ల పెట్టినావే!"

"సమానంగా పంచినా కదన్నా."

"మా ఊర్లో అందరూ ఒగే లోతుకు బోర్లు ఏసినారు. ఒగే ఎండాకాలం అన్నీ ఎండిపాయె. తాగేదానికి గూడా నీళ్లు ల్యాకపాయె. అట్లాంటి సమానం మనకొద్దు."

ఆనాటి నుంచి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఎడతెగకుండా రాసే పనులు కొత్త డ్రైవులకు, ఒకసారి దాచి ఎప్పుడో చూసుకునే ఫొటోల వంటివి అరిగినవాటికి. "ముసలిదని పారేస్తే ఎట్లప్పా? దానికి తగిన పని సూడు" అనేవాడు. కొత్తవి కొనడం తగ్గింది, ఖర్చు దిగింది.

అదే ఆయన కొంప ముంచింది. "ఇప్పుడంతా బాగుంది కదా, ఇక ఈయనతో పనేముంది?" అని మేనేజరు ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశాడు. ముసలి డ్రైవులకు పని వెతికిన మనిషికి, యాభై దాటాక, పని వెతికేవాడు లేకపోయాడు. గేటు దగ్గర నేను ఏడుస్తుంటే ఆయన చెప్పింది ఒక్కటే: "ఆ కడా వరసలో డ్రైవు బాగా ముసలిదైండాది. దానికి రాత పని ఈయొద్దు."

ఎన్ని చోట్ల అడిగినా ఆయనకు ఉద్యోగం దొరకలేదు. ఊళ్లో గొర్రెలు కాస్తుంటే చూడబోయాను. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఆ ముసలిది ఇంగా ఉండాదా?"

"ఉండాదన్నా."

"నాకన్నా గట్టిదే" అని నవ్వాడు. ఆ ఎండాకాలం దాటలేదు.

తర్వాత, ఆయన పంపకాన్నే ప్రోగ్రాముగా రాయమని మేనేజరు నాకు పురమాయించాడు. రాశాను. పేరేం పెట్టాలో మాత్రం చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ ఉద్యోగంలో నాకిక మిగిలింది పొద్దుటి మీటింగులో ఒక మాట వినడమే. కొత్త డ్రైవులు కొందామని ఎవరన్నా అంటే, మేనేజరు తెర వైపు తిరిగి తన నోటితోనే అంటాడు:

"ఆగండి. ముందు మస్తానన్నను అడుగుదాం."